టీడీఎస్ మీటరు చెప్పని సంగతులు: మీ ఊరి కుళాయి నీటిని మీరే పరీక్షించడం ఎలా?

నీటి శుద్ధి యంత్రాలు అమ్మే మనిషి ఇంటికి వచ్చాడనుకోండి. గ్లాసుడు కుళాయి నీళ్లు అడిగి, పెన్నులాంటి టీడీఎస్ మీటరును అందులో ముంచుతాడు. 420 అని కనబడుతుంది. తన సీసాలోని నీళ్లలో ముంచితే 40. అది చాలదన్నట్టు రెండు లోహపు కడ్డీలున్న పరికరాన్ని రెండు గ్లాసుల్లోనూ పెట్టి కరెంటు ఇస్తాడు. కుళాయి నీళ్లు కాసేపట్లో తుప్పు రంగుకు తిరిగి, పైన తెట్టె కడతాయి. అతని నీళ్లు తేటగానే ఉంటాయి. ఇంట్లో చిన్నపిల్లలున్న తల్లికి అది చూశాక నిద్ర పడుతుందా?

ఆ తుప్పు నీళ్లలోది కాదు, కడ్డీలోది. నీటిలో లవణాలుంటే కరెంటు పారుతుంది, పారితే ఇనుప కడ్డీ కరుగుతుంది. లవణాలు తీసేసిన నీటిలో కరెంటు సరిగా పారదు కాబట్టి ఏమీ జరగదు. టీడీఎస్ మీటరు కూడా నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతోందో చూసి, దాన్నిబట్టి కరిగిన లవణాల మొత్తం (అదే టీడీఎస్) లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అంచనా వేసి చెప్పే పనిముట్టు. కామెర్లు, టైఫాయిడ్, కలరా తెచ్చే క్రిములు ఆ అంకెలో ఉండవు. లీటరులో రెండు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే పిల్లల పళ్లకు ప్రమాదమే, కానీ 420లో రెండు పెరిగినా తగ్గినా మీటరుకు తేడా తెలియదు. మురుగు కాస్త కలిసిన నది నీరు 300 చూపించవచ్చు. ఏ దోషమూ లేని బోరు నీరు 700 చూపించవచ్చు. మీటరును నమ్ముకున్నవాడు మొదటిది తాగి రెండోది పారబోస్తాడు.

అందుకే పరీక్షలకు ఒక వరుస ఉంది. మొదట క్రిములు, ఎందుకంటే అవి ఒక్క రోజులో వీధి మొత్తాన్ని మంచాన పడేస్తాయి. ఆ తరువాత ఏళ్ల తరబడి మెల్లగా దెబ్బతీసే ఫ్లోరైడ్, నైట్రేట్. ఆపై లోహాలు. కాఠిన్యం, టీడీఎస్ చివర. మన ఇళ్లలో ఈ వరుస తలకిందులుగా నడుస్తోంది. దాన్ని సరిచేయడానికే ఈ మార్గదర్శి.

మొదటి అడుగు: మీ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

ఒక తెల్లకాగితం తీసుకోండి. మీ ఇంటి కుళాయి నుంచి వెనక్కి గీత గీస్తూ వెళ్లండి. ఇంటి సంపు, వీధి పైపు, గేటు వాల్వులు, ఓవర్‌హెడ్ ట్యాంకు, దానికి నీళ్లెక్కించే బోరు లేదా శుద్ధి కేంద్రం నుంచి వచ్చే పెద్ద పైపు. ట్యాంకు ఆపరేటర్‌తో పది నిమిషాలు కూర్చుంటే ఇదంతా తెలుస్తుంది. ఊరి నీటి గురించి అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, అతన్ని ఎవరూ అడగరు.

తప్పకుండా అడగవలసింది ఒకటుంది: ట్యాంకులోకి రోజూ ఒకే నీళ్లు ఎక్కుతున్నాయా? తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా కృష్ణా, గోదావరి నీళ్లు ఊళ్లకు వస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ చాలా రక్షిత పథకాలు నదుల మీద, కాలువల మీద, వేసవి నిల్వ చెరువుల మీద ఆధారపడి నడుస్తాయి. పైపు పగిలినా, కరెంటు పోయినా, వేసవిలో చాలకపోయినా పాత బోరును అదే ట్యాంకులోకి వదలడం చాలాచోట్ల మామూలే. అలాంటప్పుడు సోమవారం తీసిన నమూనాలో లేని ఫ్లోరైడ్ గురువారం నీటిలో ఉంటుంది. ఏ రోజు ఏ నీళ్లు వచ్చాయో రాసుకోకపోతే ఆ తరువాత చేసే పరీక్షలకు అర్థం ఉండదు.

కాగితం మీద మూడు చోట్ల చుక్కలు పెట్టండి. ట్యాంకు దగ్గరి మొదటి కుళాయి, వీధి మధ్యలో ఒకటి, పైపు చివరన ఉన్న ఆఖరి ఇల్లు. ఇక నుంచి ప్రతి పరీక్షా ఈ మూడు చోట్లా చేయాలి. ఒక్కచోట చేస్తే నీళ్లు బాగున్నాయో లేవో తెలుస్తుంది. మూడు చోట్ల చేస్తే ఎక్కడ చెడిపోతున్నాయో తెలుస్తుంది.

రెండో అడుగు: క్లోరిన్ చుక్కలు

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్షలన్నిటిలో ఇది చవకైనది, తేలికైనది, అన్నిటికన్నా విలువైనది. ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలిపినప్పుడు కొంత క్లోరిన్ క్రిములను చంపడానికి ఖర్చవుతుంది, కొంత మిగులుతుంది. ఆ మిగులే దారిలో కొత్తగా చొరబడే క్రిములకు కాపలా. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్ ఉండాలి. ఊళ్లో కామెర్ల వంటివి ప్రబలినప్పుడు 0.5 ఉండేట్టు చూడాలి.

క్లోరోస్కోపు అనే చిన్న పెట్టె ప్రయోగశాల సామగ్రి అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. గ్రామాలకు ఇచ్చే నీటి పరీక్ష కిట్లలోనూ ఉంటుంది. గాజు గొట్టంలో గీత వరకు నీళ్లు పట్టి, ఇచ్చిన మందు చుక్కలు వేసి కలపాలి. క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది. దాన్ని పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి అంకె చూసుకోవాలి. మందు వేసిన పది సెకన్లలోపే చూడండి. ఆలస్యం చేస్తే ఇతర పదార్థాలతో కలిసిపోయిన క్లోరిన్ కూడా రంగునిచ్చి, ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. గులాబి రంగు వచ్చే డీపీడీ కిట్టు దొరికితే అది ఇంకా నమ్మదగినది. పసుపు రంగునిచ్చే మందు విషపూరితం. చేతికి అంటితే కడుక్కోండి, పరీక్షించిన నీళ్లు పారబోయండి, సీసా పిల్లలకు అందనివ్వకండి. మరో జాగ్రత్త: నీళ్లు కుళాయి నుంచి నేరుగా పట్టాలి. బిందెలో గంటల తరబడి నిలవ ఉన్న నీటిలో క్లోరిన్ తగ్గిపోతుంది.

మా కాలనీలో నేను మొదటిసారి ఈ పరీక్ష చేసింది ఒక ఆగస్టు ఉదయం. అంతకు ముందు వారం మా వీధి చివర నాలుగిళ్లలో పిల్లలకు వాంతులు, విరేచనాలు. ట్యాంకు దగ్గరి కుళాయిలో చుక్కలు వేయగానే గొట్టంలో నీళ్లు నిమ్మపండు రంగుకు తిరిగాయి. పట్టీ మీద 0.5. వీధి మధ్యలో పసుపు ఉందో లేదో తేల్చుకోవడానికి తెల్లకాగితం వెనక పెట్టి చూడాల్సి వచ్చింది. చివరి ఇంటి ముందు, పిల్ల మంచం పట్టిన ఇంట్లో, గొట్టం ఎంత ఊపినా రంగు రాలేదు. ఆ తల్లి నా చేతిలోని గొట్టాన్ని ఎండకు పెట్టి చూసి, "తెల్లగానే ఉన్నాయిగా అన్నా, మంచివేగా?" అని అడిగింది. రంగు రాకపోవడమే జబ్బు గుర్తు అని ఆమెకు చెప్పడం చాలా కష్టమనిపించింది.

మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి చదవండి. మూడు చోట్లా సున్నా అయితే ట్యాంకులో క్లోరిన్ కలపడమే లేదు, లేదా పౌడర్ పాతది. మొదట బాగుండి చివరకు మెల్లగా తగ్గితే మోతాదు చాలడం లేదు. మొదటి రెండు చోట్లా బాగుండి ఒక్కసారిగా మాయమైతే, వీధి మధ్యకూ ఆఖరి ఇంటికీ నడుమ పైపులోకి ఏదో చేరుతోందని గట్టిగా అనుమానించాలి.

మోతాదు లెక్క కష్టమేమీ కాదు. ఒక మోస్తరు తేటగా ఉన్న నీటికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ అనేది మొదలుపెట్టే లెక్క. 60,000 లీటర్ల ట్యాంకుకు 150 గ్రాములు. చివరి ఇంటి దగ్గర 0.2 కనబడేదాకా దాన్ని కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి. తాజా పౌడర్‌లో మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది. మూతి విప్పిన సంచిని పంపుహౌసులో నెలల తరబడి వదిలేస్తే మిగిలేది ఎక్కువగా సున్నమే. కాబట్టి ఎన్ని గ్రాములు కలిపారని అడగడంతో ఆగకండి, సంచి ఎప్పటిదో కూడా చూడండి. పౌడర్‌ను నేరుగా ట్యాంకులో చల్లకూడదు. బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట పోయాలి. పోసిన అరగంట తరువాతే వాల్వు తిప్పాలి. చాలా ఊళ్లలో పోయడం, తిప్పడం ఒకేసారి జరిగిపోతాయి. క్రిములు చావడానికి వ్యవధి ఇవ్వకపోతే ఎంత కలిపీ లాభం లేదు.

నీళ్లు బురదగా ఉంటే క్లోరిన్ బురదకే ఖర్చవుతుంది, మట్టి రేణువుల చాటున క్రిములు బతికిపోతాయి. పూర్వం మన పెద్దలు చిల్లగింజను అరగదీసి కుండలో కలిపి నీళ్లను తేర్చేవారు, ఇప్పుడు శుద్ధి కేంద్రాలు పటికతో చేస్తున్నది ఆ పనే. కానీ తేరిన నీరు వేరు, క్రిములు చచ్చిన నీరు వేరు. తేర్చాక క్లోరిన్ కలపాల్సిందే.

మూడో అడుగు: నల్లబడే సీసా

క్లోరిన్ కనబడని చోట మురుగు కలిసిందో లేదో తేల్చడానికి హెచ్‌టూఎస్ సీసా అనే చిన్న పరీక్ష ఉంది. గ్రామాల కిట్లలో ఇస్తారు. అడుగున మందు ఉన్న సీసాలో గీత వరకు నీళ్లు పోసి, మూత బిగించి, గది వెచ్చదనంలో 24 నుంచి 48 గంటలు ఉంచాలి. నీళ్లు నల్లబడితే మల సంబంధమైన క్రిములు ఉన్నాయని బలమైన అనుమానం. ఆ క్రిములు వదిలే వాయువు సీసాలోని ఇనుముతో కలిసి నల్లబారుతుంది.

రెండు మాటలు గుర్తుంచుకోవాలి. కుళ్లిన గుడ్ల వాసన సహజంగానే వచ్చే కొన్ని బోరు నీళ్లు క్రిములు లేకపోయినా సీసాను నల్లబరచవచ్చు. నల్లబడలేదని నీళ్లు నిక్షేపంగా ఉన్నాయనీ కాదు, వైరస్‌లను ఈ సీసా చూడదు. ఇది హెచ్చరిక గంట మాత్రమే, తీర్పు ప్రయోగశాలది. నల్లబడిన సీసాను అలాగే చెత్తలో వేయకండి. అందులో కోట్ల కొద్దీ క్రిములు పెరిగి ఉంటాయి. చెంచాడు బ్లీచింగ్ పౌడర్ వేసి, కొన్ని గంటలు ఉంచి, అప్పుడు పారేయండి.

ఇక్కడ ఒక చిట్కా. చివరి ఇంట్లో రెండు సీసాలు పట్టండి. నీళ్లు వదిలిన మొదటి నిమిషంలో ఒకటి, పది నిమిషాల తరువాత ఒకటి. మొదటిది నల్లబడి రెండోది నల్లబడకపోతే, నీళ్లు రాని గంటల్లో పైపులోకి మురుగు చేరుతోంది. రెండూ నల్లబడితే తప్పు ట్యాంకులోనో నీటి మూలంలోనో వెతకాలి, లేదా పైపు ఎక్కడో బాగా తెగి ఉంటుంది. రెండు చిన్న సీసాలతో ఇంత తేలుతుంది.

నాలుగో అడుగు: పైపు వెంట నడక

మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు. ఉదయం గంట, సాయంత్రం గంట, కొన్నిచోట్ల రోజు విడిచి రోజు. నీళ్లు పారుతున్నంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది, చిన్న చిల్లు ఉన్నా నీళ్లు బయటికే కారతాయి. వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అవుతూ లోపలికి పీల్చుకుంటుంది. ఆ చిల్లు చుట్టూ మురుగు నిలిచి ఉంటే అదే లోపలికి పోతుంది. నీరు పల్లమెరుగు అంటారు, మురుగు నీరూ అంతే. శుద్ధి కేంద్రంలో ఎంత ఖర్చు పెట్టి శుభ్రం చేసినా చివరి వంద గజాల్లో అంతా పాడవుతుంది.

కాబట్టి నీళ్లు రాని సమయంలో మీ కాగితం పట్టుకుని నడవండి. ఇంటి కనెక్షన్ పైపు మురుగు కాలువలోంచి వెళ్తోందా? గేటు వాల్వు గుంటలో నీళ్లు నిలిచాయా? సిమెంటు రోడ్డు వేసినప్పుడు, కేబుల్ కోసం తవ్వినప్పుడు దెబ్బతిన్న పైపును రబ్బరు ట్యూబుతో చుట్టి పూడ్చేశారా? ఎప్పుడూ తడిగా, పచ్చగా ఉండే చోటు రోడ్డు పక్కన ఉందా? ట్యాంకు మూత ఉందా, నిచ్చెన ఎక్కి చూసినవాళ్లెవరైనా ఉన్నారా? ట్యాంకు గోడ మీద కడిగిన తేదీ రాసి ఉంటే అది ఏ నెలది?

మా వీధిలో దొరికింది ఒక వాల్వు గుంట. పైన బండ, బండ మీద ఎవరిదో స్కూటరు. బండ జరిపితే లోపల మోకాలి లోతు నల్లటి నీళ్లు, పైన ఒక పాలిథిన్ సంచి తేలుతోంది. పక్కనే ఉన్న మురుగు కాలువ గోడ బీటల్లోంచి సన్నగా ధార దిగుతోంది. వాల్వు బోల్టుల దగ్గర ప్యాకింగ్ తినేసి ఉంది. వీధి మొదట్లో క్లోరిన్ ఉండి చివరన లేకపోవడానికి కారణం ఆ మూడడుగుల గుంట. అప్పటికి రెండు నెలలుగా ఆ బండ పక్క నుంచే అందరం నడుస్తున్నాం.

ఇంకో పాపం మనం చేస్తున్నదే. కుళాయి పైపుకు నేరుగా మోటారు బిగించి లాగడం. అలా లాగినప్పుడు వీధి పైపులో ఒత్తిడి పడిపోయి, ఎక్కడ సందుంటే అక్కడ మురుగును పీలుస్తుంది. ఆ నీళ్లు మోటారు పెట్టినవాళ్లకే కాదు, పక్కింటివాళ్లకూ వెళ్తాయి. సంపులోకి దానంతటదే నిండనిచ్చి, సంపు నుంచి మోటారు పెట్టుకోవాలి. నీళ్లు రాగానే మొదటి పది నిమిషాలవి తాగడానికి పట్టకుండా మొక్కలకో, వాకిలి కడగడానికో వాడుకుంటే చాలా ప్రమాదం తప్పుతుంది.

అయిదో అడుగు: కంటికి, నాలుకకు తెలియనివి

ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మన దేశంలో నీటి వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట గుర్తించి ప్రచురించింది మన తెలుగు నేల మీదే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. నల్గొండ పేరైతే పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతికి ప్రపంచమంతా స్థిరపడిపోయింది. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన ఆ పద్ధతిని ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు కూడా నల్గొండ పద్ధతి అనే పిలుస్తాయి. ఒక జిల్లా పేరు అలా నిలిచిపోవడం వెనక ఎన్ని వంగిన వెన్నెముకలున్నాయో మనకు తెలుసు.

లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు సహిస్తారు. అది దాటితే ఎదుగుతున్న పిల్లల పళ్ల మీద సుద్దలాంటి తెల్ల మచ్చలు, గోధుమ రంగు చారలు వస్తాయి. ఇంకా ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి తాగితే కీళ్లు, ఎముకలు బిగుసుకుపోతాయి. ఫ్లోరైడ్ మన గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి నీటిలోకి దిగుతుంది. కాల్షియం తక్కువగా, సోడా గుణం ఎక్కువగా ఉన్న నీటిలో మరింత కరుగుతుంది. అంటే పప్పు చక్కగా ఉడికే, సబ్బు బాగా నురిగే మెత్తని బోరు నీళ్లలోనే తరచూ ఇది ఎక్కువ. ఊళ్లో తియ్యని బోరు అని పేరున్నదాన్ని ముందు పరీక్షించండి. కిట్టులో దీనికి మందు, రంగుల పట్టీ ఉంటాయి. 1 దాటినట్టు అనిపిస్తే ప్రయోగశాలకు పంపండి.

నైట్రేట్ రెండోది. యూరియా ఎక్కువ చల్లే పొలాల నుంచి, పేడ దిబ్బల నుంచి, అడుగు గట్టిగా కట్టని మరుగుదొడ్డి గుంతల నుంచి భూగర్భంలోకి దిగుతుంది. పరిమితి 45 మిల్లీగ్రాములు, దీనికి సడలింపు లేదు. సీసా పాలు తాగే ఆరు నెలల లోపు పిల్లలకు ఇది ప్రాణాంతకం కావచ్చు. రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలి రంగుకు తిరుగుతుంది. ఇక్కడ తల్లులు ఒక విషయం తెలుసుకోవాలి: నైట్రేట్ గానీ ఫ్లోరైడ్ గానీ కాచితే పోవు. కాచేకొద్దీ నీరు ఆవిరై అవి ఇంకా చిక్కబడతాయి. పిల్లల పాలపొడి కలపడానికి అలాంటి బోరు నీళ్లు ఎంత మరిగించినా పనికిరావు.

ఒకే బోరులో నైట్రేట్‌తో పాటు క్లోరైడ్ కూడా గత ఏడాదికన్నా పెరిగిందంటే మరుగు గుంతల నీరు దిగుతోందని అనుమానించండి. మన ఒంట్లోంచి పోయే ఉప్పే ఆ క్లోరైడ్. క్లోరైడ్ అంకె 250 లోపే ఉండి నివేదికలో అంతా బాగున్నట్టు కనిపించవచ్చు. పాత నివేదికతో పోల్చినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. బకెట్‌లో పట్టినప్పుడు తేటగా ఉండి గంటకు ఎర్రబడితే ఇనుము. పాత్రలకు తెల్లటి గార కడితే కాఠిన్యం. ఇది 200 లోపు మంచిది, 600 దాకా సహించవచ్చు, విసుగే తప్ప విషం కాదు. టీడీఎస్ 500 లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే 2000 వరకు ఒప్పుకుంటారు. సీసం, ఆర్సెనిక్ లాంటి లోహాలు కిట్టుతో తేలవు. దగ్గర్లో పరిశ్రమలు, గనులు, బ్యాటరీలు కరిగించే చోట్లు ఉంటే ప్రయోగశాలలో విడిగా అడగాలి. ఈ రెండిటికీ పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములే.

ఆరో అడుగు: నమూనా పట్టడం

తప్పుగా పట్టిన నమూనాకు ఎంత పెద్ద ప్రయోగశాల కూడా సరైన జవాబు ఇవ్వలేదు. రెండు రకాల సీసాలు, రెండు పద్ధతులు.

రసాయన పరీక్షకు రెండు లీటర్ల శుభ్రమైన ప్లాస్టిక్ డబ్బా చాలు. శీతల పానీయాల సీసాలు వద్దు. అదే నీటితో మూడుసార్లు తొలిచి, నిండా పట్టి మూత బిగించండి. క్రిముల పరీక్షకు మాత్రం ప్రయోగశాల ఇచ్చే శుద్ధిచేసిన సీసానే వాడాలి. అందులో క్లోరిన్‌ను విరిచే మందు ఉంటుంది కాబట్టి తొలవకూడదు. కుళాయికి తగిలించిన గొట్టం, జాలీ, గుడ్డ తీసేయండి. కుళాయి మూతిని స్పిరిట్‌తో తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదలండి. మూత తీశాక దాని లోపలి వైపు వేలు తగలనివ్వకండి, కింద పెట్టకండి. పైన కొంచెం ఖాళీ ఉంచి మూత బిగించి, ఐసు పెట్టెలో పెట్టి ఆరు గంటల్లో చేర్చేలా చూడండి, ఎంత ఆలస్యమైనా 24 గంటలు దాటకూడదు. అంటే ముందు ప్రయోగశాలకు ఫోను చేసి, వాళ్లు ఏ రోజు, ఏ గంటకు తీసుకుంటారో తెలుసుకున్నాకే కుళాయి దగ్గరికి వెళ్లాలి. సీసం కోసమైతే పద్ధతి తిరగబడుతుంది. రాత్రంతా పైపులో నిలిచిన నీటిలో తెల్లవారుజామున మొదట వచ్చేదాన్నే పట్టాలి.

చీటీ మీద చోటు, తేదీ, గంట, నీటి మూలం, ఆ సమయంలో చూసిన క్లోరిన్ అంకె రాయండి. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లాల్లో, డివిజన్లలో ప్రయోగశాలలు ఉన్నాయి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల జీవన్ మిషన్ కింద వీటిని మామూలు ప్రజలకూ నామమాత్రపు రుసుముతో తెరవాలని నిర్ణయించారు. ఊరికి అయిదుగురు మహిళలకు కిట్లతో పరీక్షించడం నేర్పాలన్నదీ అందులో ఉంది. మీ ఊళ్లో ఆ అయిదుగురు ఎవరో కనుక్కోండి. కిట్టు పంచాయతీ బీరువాలో మూత తీయకుండా ఉందేమో, మందుల గడువు దాటిందేమో చూడండి. ప్రైవేటు ప్రయోగశాలకు వెళ్తే ఎన్ఏబీఎల్ (ప్రయోగశాలల నాణ్యతను పరిశీలించే జాతీయ మండలి) గుర్తింపు ఉందా అని అడగండి.

ఏడో అడుగు: నివేదిక చదవడం

నివేదికలో రెండు పరిమితుల వరుసలుంటాయి. మొదటిది ఆమోదయోగ్యమైన పరిమితి. రెండోది వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే సహించగలిగేది. నది నీళ్లు అందుబాటులో ఉన్న ఊరికి బోరు నీళ్లిచ్చి "రెండో పరిమితి లోపే ఉంది" అనడం కుదరదు. ఆ సడలింపు గతిలేని ఊళ్ల కోసం పెట్టింది.

ఈ-కోలై గడి ముందు చూడండి, మలం కలిసిందని చెప్పే క్రిమి అది. వంద మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనబడకూడదు. నైట్రేట్ గడిలో ఒక మెలిక ఉంది. కొన్ని ప్రయోగశాలలు నైట్రేట్‌గా రాస్తాయి, కొన్ని అందులోని నత్రజనిని మాత్రమే లెక్కగట్టి నైట్రేట్-ఎన్ అని రాస్తాయి. రెండో రకం అంకెను 4.43తో గుణిస్తేనే 45తో పోల్చడం కుదురుతుంది. నైట్రేట్-ఎన్ 14 అని ఉంటే చిన్న అంకెలా కనబడుతుంది గానీ అది 62 అన్నమాట, పరిమితి దాటింది. లోహాల దగ్గర బీడీఎల్ అని రాస్తే సున్నా అని కాదు, వారి పరికరం పట్టగలిగే మోతాదుకన్నా తక్కువ అని. ఆ పరికరం ఎంత వరకు పట్టగలదో అడగండి. 0.05 కన్నా తక్కువ పట్టలేని పరికరంతో 0.01 పరిమితి ఉన్న సీసానికి బీడీఎల్ రాస్తే ఆ నివేదిక మీకు ఏమీ చెప్పనట్టే.

ఎనిమిదో అడుగు: బాగయ్యేదాకా ఇంట్లో, బాగుచేయించడానికి బయట

క్రిములున్నాయని తేలితే ఆ రోజు నుంచే తాగే నీళ్లు కాచండి. బుడగలు తెర్లుతూ ఒక నిమిషం మరిగితే చాలు. గంటల కొద్దీ గ్యాసు ఖర్చు పెట్టనక్కరలేదు. చల్లారాక అదే గిన్నెలో మూతపెట్టి ఉంచి, కాడ ఉన్న గరిటెతో తీసుకోండి. కాచిన నీళ్లను కడగని బిందెలో పోస్తే మళ్లీ మొదటికే వస్తాం. ఇంట్లో గర్భిణి ఉంటే మరీ జాగ్రత్త, నీటి ద్వారా వచ్చే ఒక రకం కామెర్లు గర్భిణులకు ప్రాణాల మీదికి తెస్తాయి. సంపు కడగాలంటే మట్టి తోడేసి, గోడలు రుద్ది, నింపి, వెయ్యి లీటర్లకు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి రాత్రంతా ఉంచి, ఉదయం అంతా తోడి పారబోసి, మంచి నీళ్లతో మరోసారి కడిగి వాడుకోండి. పౌడర్‌ను మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, ఊపిరితిత్తులను కాల్చే వాయువు వస్తుంది.

ఫ్లోరైడ్, నైట్రేట్ ఉంటే ఆర్వో పనికొస్తుంది. ఇక్కడే దానికి నిజమైన అవసరం ఉంది. క్రిములు మాత్రమే సమస్య అయిన నది నీటికి దానితో పనిలేదు, బాగున్న లవణాలను కూడా తీసి సగానికి పైగా నీటిని మోరీలోకి వదలడం తప్ప. ఇరవై లీటర్ల డబ్బా నీళ్లు కొనేవారు ఆ నీటినీ నల్లబడే సీసాతో పరీక్షించండి. వాటిలో కాపలా కాసే క్లోరిన్ ఉండదు, డబ్బా ఎన్ని చేతులు మారిందో తెలియదు.

బయట పని నోటిమాటతో కాదు. మేము వాల్వు గుంట సంగతి మూడుసార్లు చెప్పి చూశాం. నాలుగోసారి మూడు చోట్ల క్లోరిన్ అంకెలు, రెండు సీసాల ఫోటోలు, బండ కింద నీళ్ల ఫోటో, గీసిన పటం జతచేసి కాగితం మీద రాసి, నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకున్నాం. "నీళ్లు బాగోలేవు" అన్న ఫిర్యాదుకు "చూస్తాం" అనే జవాబు వస్తుంది. "ఫలానా తేదీ ఉదయం 6:40కి ఫలానా ఇంటి కుళాయిలో మిగులు క్లోరిన్ సున్నా, ఫలానా వాల్వు దగ్గర మురుగు కలుస్తోంది" అన్నదానికి మనిషి వస్తాడు. జవాబు లేకపోతే సమాచార హక్కు చట్టం కింద గత ఏడాది పరీక్షల నివేదికలు, బ్లీచింగ్ పౌడర్ కొన్న లెక్కలు, ట్యాంకు కడిగిన తేదీల నకళ్లు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. హైదరాబాద్ జలమండలి పరిధిలో ఉన్నవారు 155313కు ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోవచ్చు. గ్రామసభలో ఈ కాగితాన్ని చదివి తీర్మానంలో రాయిస్తే మరింత బరువు వస్తుంది.

ప్యాకింగ్ మార్చి, గుంట తోడి, కాలువ గోడకు సిమెంటు పూశాక పని అయిపోయిందని వదలకండి. మరమ్మతులోనే పైపులోకి మట్టి, మురుగు చేరతాయి. మొదటి రోజు నీళ్లు తాగడానికి పట్టవద్దని ఇంటింటికీ చెప్పండి. మూడో రోజు ఉదయం అదే చివరి ఇంట్లో, అదే కుళాయి దగ్గర, మొదటి నిమిషం నీళ్లు ఒకసారి, పదో నిమిషం నీళ్లు ఒకసారి పట్టి చుక్కలు వేయండి. మా వీధిలో మూడో రోజు మొదటి నిమిషం నీళ్లకు లేత పసుపు వచ్చింది, పదో నిమిషానికి 0.2. ఇప్పుడు గొట్టం, చుక్కల సీసా ఆ చివరి ఇంట్లోనే ఉంటాయి. ప్రతి సోమవారం ఆ తల్లే పరీక్షించి, గోడకు వేలాడదీసిన పాత క్యాలెండరు వెనక అంకె రాస్తోంది.